9 ఎంఎం కార్బైన్ కొనేముందు: టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉన్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మలూకి పెదనాన్న ఆశీస్సులు.

అల్లుడూ నువ్వూ ఈమధ్య తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజ్‌కి వెళ్లడం అలవాటు చేసుకున్నారని, ఇప్పుడొక 9 ఎంఎం కార్బైన్, అంటే పిస్టల్ తూటాతో కాల్చే పొట్టి రైఫిల్, కొనాలనుకుంటున్నారని, ఖర్చు మరీ ఎక్కువ కాకుండా ఏది తీసుకోవాలో చెప్పమని అడిగావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు.

మొదట డబ్బు సంగతి. షాపులో ట్యాగ్ మీద ఉన్న ధర చూసి బడ్జెట్ వేసుకుంటే లెక్క తప్పుతుంది. మామూలు 9 ఎంఎం తూటా ఒక్కోటి పావు డాలరు అటూ ఇటూగా ఉంటుంది. ఇద్దరూ కలిసి వెళ్తే ఒక పూటలో 200 తూటాలు ఇట్టే అయిపోతాయి, అంటే 50 డాలర్లు. నెలకోసారి వెళ్లినా ఏడాదికి 600. రేంజ్ ఫీజు కలపకుండానే ఒక కార్బైన్ ధర ప్రతి ఏడాదీ తూటాలకే పోతుందన్నమాట. 2020లో కోవిడ్ వచ్చాక తూటాల ధర రెట్టింపు దాటిపోయి, కొన్నాళ్లు అసలు దొరక్క, తుపాకులున్న చాలామంది రేంజ్‌కి వెళ్లడమే మానేశారు. అందుకని చేతిలో వెయ్యి డాలర్లుంటే తుపాకీకి ఆరువందలు దాటనివ్వకు. మిగతాది తూటాలకీ, అవి నింపి తుపాకీలో పెట్టే మేగజైన్లకీ, చెవులకీ కళ్లకీ పెట్టుకునే రక్షణకీ కావాలి. తాళం పెట్టె ఖర్చు వీటిలో కలపకు, అది ఎలాగూ కొనాల్సిందే.

ఇంకా చవగ్గా కాల్చుకోవాలంటే చిన్న తూటా కాల్చే .22 రైఫిల్ ఉంది. వాటిలో రూగర్ కంపెనీ 10/22 1964 నుంచి వస్తోంది, దాని తూటా 10 సెంట్ల చుట్టుపక్కల దొరుకుతుంది. అసలేమీ తెలియనివాళ్లు వచ్చి అడిగితే నేను అదే చెబుతాను. మీ ఇంట్లో మాత్రం ఇప్పటికే గ్లాక్ 19 పిస్టల్ ఉంది. ఒకే తూటా, ఒకే మేగజైన్ రెండింటికీ పనికొస్తే రోజువారీ ఖర్చులోనూ కలిసొస్తుంది, మోసుకెళ్లే బ్యాగులోనూ కలిసొస్తుంది. కాబట్టి 9 ఎంఎం అన్న మీ ఆలోచన నాకు నచ్చింది.

కార్బైన్ అంటే ఏమిటో, ఏం కాదో ముందే తెలిస్తే తర్వాత నిరుత్సాహపడరు. పిస్టల్ తూటాని 16 అంగుళాల గొట్టంలోంచి కాలుస్తాం, భుజానికి ఆనించి పట్టుకుంటాం. పిస్టల్‌తో 25 గజాల్లో చెయ్యి వణికేవాళ్లు కూడా దీంతో 50 గజాల్లో స్టీలు పళ్లెం మోగిస్తారు. 100 గజాలకి తూటా కొన్ని అంగుళాలు కిందికి దిగుతుంది, అంతకు మించి దీన్ని అడగకూడదు. పెద్ద రైఫిళ్లను ఒప్పుకోని ఇండోర్ రేంజ్‌లు చాలావరకు దీన్ని ఒప్పుకుంటాయి. ఫ్రిస్కో చుట్టుపక్కల ఎండల్లో అది చిన్న విషయం కాదు.

చవక కార్బైన్లు దాదాపు అన్నీ బ్లోబ్యాక్ పద్ధతివే. అంటే కాల్చే క్షణంలో బోల్ట్‌ని (తూటా వెనక మూసి ఉంచే ఉక్కు దిమ్మని) లాక్ చేసేది ఏమీ ఉండదు, దాని బరువూ వెనక స్ప్రింగూ మాత్రమే ఆపుతాయి. అందుకే బోల్ట్ బరువుగా పెడతారు. ఆ బరువు వెనక్కీ ముందుకీ కొట్టుకోవడం వల్ల, 9 ఎంఎం కదా అని మెత్తగా ఉంటుందనుకున్నవాళ్లకి భుజం మీద చిన్న గుద్దులాంటిది తెలుస్తుంది. తుపాకీ ఎంత తేలికైతే అది అంత ఎక్కువ. బరువు తక్కువని మురిసిపోయి కొనేముందు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకో.

ఇంకో మాట, ఇది నీ కోసమే. ఇక్కడి తుపాకుల బట్లు, అంటే భుజానికి ఆనే వెనక భాగాలు, చాలావరకు ఆరడుగుల మనిషికి సరిపోయేట్టు చేస్తారు. నీ ఎత్తుకి బట్ పొడుగైతే తల ముందుకు చాచి, నడుం వెనక్కి వంచి నిలబడాల్సి వస్తుంది. పది నిమిషాలకే మెడ పట్టేస్తుంది. షాపులో తుపాకీ ఖాళీ అని చూపించాక, సురక్షితమైన దిక్కుకి పెట్టి, కళ్లు మూసుకుని భుజానికి ఆనించు. కళ్లు తెరిచేసరికి గురి చూసే సైట్ ఎదురుగా ఉండాలి. వెతుక్కోవాల్సి వస్తే అది నీకు సరిపోదు, ధర ఎంత తగ్గించినా సరే.

ఇక ఏది అన్న ప్రశ్న. నా చేతిలో ఉన్నదీ, మీకు మొదటగా చెప్పేదీ రూగర్ పీసీ కార్బైన్. 2018 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చింది. మూడు కిలోల పైన బరువు, ఆ బరువే దానికి మేలు. బోల్ట్ లోపల టంగ్‌స్టన్ దిమ్మ ఒకటి ముందుకీ వెనక్కీ జరుగుతూ దెబ్బని మింగుతుంది, అందుకే ఈ ధరలో ఉన్నవాటిలో భుజానికి ఇదే సుఖం. బట్ దగ్గర పలకలు తీసి పొడవు తగ్గించుకోవచ్చు, నువ్వు అడగాల్సిన మొదటి సౌకర్యం అదే. మేగజైన్ పెట్టే అర మార్చుకునే వీలుంది, గ్లాక్ అర బిగిస్తే అల్లుడి మేగజైన్లు నేరుగా పడతాయి. మోడల్‌ని బట్టి ఆ అర పెట్టెలో వస్తుందో రాదో షాపువాణ్ణి అడుగు. ఎడమచేతి వాటం వాళ్లకి మేగజైన్ బటనూ, బోల్ట్ పిడీ అటువైపుకి మార్చుకోవచ్చు. ఒక లీవర్ నొక్కి మెలితిప్పితే గొట్టం ఊడి రెండు ముక్కలవుతుంది, చిన్న బ్యాగులో పడుతుంది. తిరిగి బిగించాక గొట్టం వదులుగా లేదని ప్రతిసారీ చేత్తో చూడాలి. వదులైతే గురి అటూ ఇటూ పోతుంది.

స్మిత్ అండ్ వెసన్ వాళ్ల ఎఫ్‌పీసీ 2023లో వచ్చింది. సుమారు ఐదు పౌండ్లు, పక్కకి మడుస్తారు, అందువల్ల మీద బిగించిన రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపించే సైట్) తీయక్కర్లేదు. బట్‌లో రెండు మేగజైన్లు దాచుకోవచ్చు. చక్కటి పనితనం, ధర రూగర్ దగ్గర్లోనే. కానీ అది వాళ్ల ఎం అండ్ పీ పిస్టల్ మేగజైన్లే తీసుకుంటుంది, మీ గ్లాక్‌వి పనికిరావు. అల్లుడి దగ్గర ఎం అండ్ పీ ఉండి ఉంటే దీన్నే ముందు రాసేవాణ్ణి.

కెల్‌టెక్ సబ్-2000 సంగతి వేరు. ఫ్లోరిడా కంపెనీ, నాలుగు పౌండ్లు మాత్రమే, సగానికి మడిస్తే ల్యాప్‌టాప్ బ్యాగులో పట్టేంత. గ్లాక్ మేగజైన్లు తీసుకునే మోడల్ దొరుకుతుంది, ధర కూడా తక్కువే. కానీ బట్ అంటే సన్నటి గొట్టమే, దవడ ఎముకకి తగులుతుంది. పాత రకాల్లో రెడ్ డాట్ బిగిస్తే మడవడం కుదిరేది కాదు, మూడో తరంలో ముందు భాగం తిప్పేలా చేసి ఆ బాధ తీర్చారు. మోసుకెళ్లడానికి బాగుంటుంది. గంటసేపు హాయిగా కాల్చడానికి మాత్రం నేను సిఫార్సు చెయ్యను.

అన్నిటికంటే చవక హై-పాయింట్ 995. ఒహాయోలో తయారవుతుంది, మూడొందల పైచిలుకులో దొరుకుతుంది. చూడ్డానికి మొరటుగా ఉంటుంది, మేగజైన్‌లో పది తూటాలే. అయినా దాన్ని చులకన చేసేవాళ్లతో నేను ఏకీభవించను. అది పనిచేస్తుంది, చెడితే కంపెనీ జీవితాంతం బాగుచేసి ఇస్తుంది, రెండో చేతికి వచ్చినదైనా సరే. డబ్బు నిజంగా బిగువుగా ఉంటే అది కొని, మిగిలిన మూడొందలకి తూటాలు కొనుక్కోవడం తెలివైన పనే.

ఏది ఎంచినా మేగజైన్లు నాలుగైనా ఉండాలి. లేకపోతే రేంజ్‌లో అద్దెకి తీసుకున్న గంటలో సగం సేపు తూటాలు నింపుకోవడానికే పోతుంది. బొటనవేలు నొప్పి పుట్టకుండా తూటాలు నింపే చిన్న ప్లాస్టిక్ లోడర్ కూడా కొను. రెడ్ డాట్ 150 డాలర్ల లోపు మంచివే ఉన్నాయి, హోలోసన్ గానీ సిగ్ రోమియో 5 గానీ చాలు. 50 గజాలకి గురి కుదుర్చుకోండి. సైట్ గొట్టం కంటే పైన ఉంటుంది కాబట్టి ఏడెనిమిది గజాల దగ్గర తూటా చుక్క కంటే కాస్త కిందికే తగులుతుంది. అది తుపాకీ లోపం అనుకుని స్క్రూలు తిప్పకండి.

ఇప్పుడు కాగితాల సంగతి. అమ్మలూ, ఇక్కడ మన తెలుగువాళ్లు తెలియక చిక్కుల్లో పడతారు, కాబట్టి నిదానంగా చదువు. మీ ఇద్దరికీ గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి కొనవచ్చు. డీలర్ దగ్గర 4473 ఫారం నింపుతారు, టెక్సస్ ఐడీతో పాటు గ్రీన్ కార్డు నంబరు కావాలి, తర్వాత బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. కానీ డెంటన్‌లో చదువుతున్న నీ మరిది ఎఫ్-1 మీద ఉన్నాడు. హెచ్-1బీ అయినా ఎఫ్-1 అయినా, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. రేంజ్‌లో సరదాకి రెండు రౌండ్లు కాల్చడం కూడా అందులోకే వస్తుంది. "ఒక్కసారి పట్టుకుంటాను వదినా" అంటాడు. ఇవ్వకు. చదువూ, వీసా, ముందు బతుకూ అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. అతనికి అంత ఆసక్తి ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగమను. అలాగే ఏ స్నేహితుడైనా డబ్బులిచ్చి "నీ పేరు మీద కొనిపెట్టు" అంటే అది నేరుగా ఫెడరల్ నేరం. మొహమాటపడకుండా కాదని చెప్పాలి.

ఎడిసన్‌లో ఉన్న నీ చెల్లెలు కూడా అడుగుతోందని రాశావు. పైన చెప్పినవన్నీ టెక్సస్‌కి. న్యూజెర్సీలో ముందు పోలీసుల దగ్గర కొనుగోలు కార్డు తీసుకోవాలి, మేగజైన్‌లో పదికి మించి ఉండకూడదు, మడిచే బట్‌ల మీద కూడా ఆంక్షలున్నాయి. అక్కడి డీలర్‌నే అడగమను, నీ దగ్గరున్నది చూసి కొనొద్దని చెప్పు.

గొట్టం ఎటు చూస్తోందో ఎప్పుడూ తెలిసి ఉండటం, కాల్చే నిర్ణయం తీసుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకపోవడం మీకు రేంజ్‌లో నేర్పించే ఉంటారు. కార్బైన్‌కి ప్రత్యేకంగా ఒకటి చెబుతాను. ఎప్పుడైనా మామూలు ఢాం బదులు "టప్" అని నీరసంగా మోగితే వెంటనే ఆపెయ్. మందు సరిగ్గా పేలక తూటా గొట్టం మధ్యలో ఇరుక్కుని ఉండవచ్చు. వెనకనుంచి ఇంకోటి కాలిస్తే గొట్టం పగులుతుంది. మేగజైన్ తీసి, ఖాళీ చేసి, రేంజ్ ఆఫీసర్‌ని పిలువు. ఎవరో ఇంట్లో నింపిన తూటాలు చవగ్గా ఇస్తామంటే తీసుకోకు, ఫ్యాక్టరీవే వాడు.

సీసం గురించి చాలామంది పట్టించుకోరు. ఇండోర్ రేంజ్ నుంచి వచ్చాక బట్టలు మార్చుకుని, సబ్బుతో చేతులూ మొహమూ కడుక్కున్నాకే పాపని ఎత్తుకో. బూట్లు గరాజ్‌లోనే వదిలెయ్. పాప కోసం ఇంతమాత్రం శ్రమ తప్పదు.

ఇంట్లో తుపాకీ తాళంలో, తూటాలు వేరే తాళంలో ఉండాలి. మీ ఇంట్లో వీకెండ్ పార్టీలకి ఎన్ని కుటుంబాలు వస్తాయో నాకు తెలుసు. పెద్దవాళ్లం కింద బిర్యానీ దగ్గర కూర్చుంటాం, పిల్లలు మేడమీద ప్రతి గదీ, ప్రతి అల్మరా తెరుస్తారు. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలితే టెక్సస్‌లో అది శిక్షపడే నేరం. చట్టం లేకపోయినా నేను ఇదే చెప్పేవాణ్ణి. బీరువా పైన పెట్టాం, బట్టల కింద దాచాం అనే మాట నాకు వినిపించకూడదు.

రేంజ్‌కి వాడే బ్యాగు రేంజ్‌కే. దాన్ని ఎప్పుడూ ఇండియా ప్రయాణానికి తీయకు. మూలలో చిక్కుకున్న ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. పైగా మన దేశంలో 9 ఎంఎం నిషిద్ధ బోరు, అంటే మామూలు జనానికి ఇవ్వని తూటా సైజు. తెలియకుండా వచ్చిందని నిరూపించుకునేసరికి సెలవులన్నీ పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడంతో సరిపోతుంది. సూట్‌కేసులు సర్దేటప్పుడు జేబులన్నీ ఒకసారి విదిలించి చూసుకోండి.

సంక్రాంతికి మీ ఇంటికి వస్తున్నాం కదా. అప్పటిదాకా కొనకండి. నా రూగర్ తెస్తాను, మీరు గ్లాక్ మేగజైన్లూ, రెండు డబ్బాల తూటాలూ సిద్ధంగా ఉంచండి. ఎఫ్‌పీసీ అద్దెకిచ్చే రేంజ్ దగ్గర్లో ఉందేమో అల్లుణ్ణి కనుక్కోమను. రెండూ ఒకే పూట కాల్చి చూస్తే నీకే తెలిసిపోతుంది. పెద్దమ్మ నీకోసం గోంగూర పచ్చడి పెట్టింది, అది కూడా తెస్తున్నాం.

పాపకి ముద్దులు.

మీ పెదనాన్న
హ్యూస్టన్