నీడ ఎక్కడుందో ముందు రాయి

తమ్ముడూ,

టెక్సస్ జలాశయాల్లో ఎండాకాలం క్రాపీ అనే అమెరికా మంచినీటి చేప వేట మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. సూర్యోదయానికి మూడు పేరాలిచ్చావు, చేపకు ఒకటిన్నర. సూర్యోదయం తీసెయ్.

చేప లోతు తక్కువ నీళ్లలో ఎందుకుందో ముందు చెప్పు. వసంతంలో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చిన క్రాపీ, ఎండలు ముదిరితే లోతుకు పోతుందని అందరూ రాసేదే. అది సగం నిజం. లోతైన జలాశయంలో వేసవికి నీళ్లు పొరలుగా విడిపోతాయి. అడుగు పొర చల్లగానే ఉంటుంది కానీ, అందులో ప్రాణవాయువు చాలదు. టెనెసీలోని రీల్‌ఫుట్ సరస్సులోనైతే పోవడానికి లోతే లేదు. 1811-12 భూకంపాలప్పుడు నేల కుంగి ఏర్పడిన సరస్సది, సగటున అయిదారడుగులు. అక్కడ ఎండపూట నీళ్లలో పెరిగే సైప్రస్ చెట్ల మొదళ్ల నీడే దిక్కు. నీళ్లు కాస్త మసకగా ఉన్నచోట వెతకమను. వెలుతురు లోపలికి దిగదు కాబట్టి చేప పైపైనే ఉంటుంది.

'తెల్లారకముందే వెళ్లండి' అని రాశావు. ఎక్కడికి? 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, 30 దగ్గర ఏడున్నరే. కలువాకులూ నాచూ దట్టంగా ఉన్నచోట మొక్కలు రాత్రంతా దాన్నే వాడుకుంటాయి, అందుకే తెల్లవారేసరికి అక్కడ మరీ తగ్గుతుంది. మన కొర్రమీనైతే పైకొచ్చి గాలి పీల్చుకుని నెట్టుకొస్తుంది. క్రాపీకి ఆ విద్య లేదు. ఈ పోలిక వ్యాసంలో పెట్టు, మనవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

పడవలు కట్టే డాకుల సంగతి వేరు, అవి నీటి మీదికి కట్టిన వేదికలు. పొద్దెక్కేకొద్దీ నీడ కుంచించుకుపోయి, చెదిరి ఉన్న చేపలు డాకు కింద గుంపుగా చేరతాయి. మబ్బు పడితే మళ్లీ చెదిరిపోతాయి. ఇది తెలిసినవాడు పదకొండు గంటలకు ఇంటికి పోడు.

ఇక పనిముట్లు. 'తేలికైన జిగ్ వాడండి' అంటే కొత్తవాడికి ఏమీ అర్థం కాదు. జిగ్ అంటే తలకు సీసం పోసిన హుక్కు ఎర అని చెప్పి, ఔన్సులో 32వ వంతు అని రాయి, గ్రాముకన్నా తక్కువని కూడా చెప్పు. ఎందుకంత తేలికంటే, క్రాపీ కళ్లు పైకి చూస్తాయి, ఎరను కింది నుంచి వచ్చి అందుకుంటుంది. బరువైన జిగ్ దాన్ని దాటి దిగిపోతుంది. ఆరడుగుల నీళ్లలో రెండడుగుల దగ్గర మొదలుపెట్టమను. నాలుగు నుంచి ఆరు పౌండ్ల బరువు ఆపే లైను, అంటే గాలపు దారం, అయిదారడుగుల గాలపు కర్ర చాలు.

డాకు కిందికి జిగ్‌ను విసిరే పద్ధతిని ఒక్క వాక్యంలో తేల్చేశావు. కొత్తవాడు తడబడేది అక్కడే, సాగదీసి రాయి. రీలు మీద లైను జారిపోకుండా ఆపే తీగ కమ్మీని, అంటే బెయిల్‌ను, తెరిచి, లైన్‌ను చూపుడువేలితో కర్రకు నొక్కిపట్టాలి. రెండో చేత్తో జిగ్ తలను పట్టుకుని, కర్ర విల్లులా వంగేదాకా లాగాలి. హుక్కు మొన వేళ్లకు బయటివైపు ఉండాలి, లేకపోతే అది దిగేది వేలిలోకే. ముందు జిగ్ వదలాలి, రెప్పపాటు తర్వాత లైను. లైను వదలడం ఆలస్యమైతే జిగ్ కాళ్ల ముందే పడుతుంది. సరిగ్గా వెళ్లిందా, ఇక కదపకూడదు, దిగనివ్వాలి. చేప ఎర పట్టినా చేతికి తెలియకపోవచ్చు. లైను చిన్నగా ఎగిరినా, ఉన్నట్టుండి వదులైనా చేపే. గట్టిగా గుంజితే కాగితంలాంటి మూతి చిరిగిపోతుంది, ఊరికే ఎత్తితే చాలు.

చిన్న చేపల ఎర గురించి రెండు మాటలు చాలు. వేడికి బకెట్లో చచ్చిపోతాయి. గడ్డకట్టించిన నీళ్ల సీసా మూత తియ్యకుండా వెయ్యాలి. కుళాయి నీటి ఐసు నేరుగా వేస్తే అందులోని క్లోరిన్ చంపుతుంది.

'పట్టి వదిలేస్తే పాపం లేదు' అన్న వాక్యం కొట్టెయ్. వేడినీళ్లలో పట్టి వదిలినవి చాలా బతకవు. టెక్సస్‌లో మామూలుగా పది అంగుళాలకు తగ్గినవి వదిలెయ్యాలి, రోజుకు పాతికే ఉంచుకోవాలి. కొన్ని సరస్సులకు వేరే నిబంధనలున్నాయి, చూసుకుని బయల్దేరమను. చిన్నవే పడుతుంటే చోటు మార్చమను.

అన్నట్టు, నువ్వు వర్ణించిన ఆ డాకు కింద లోతెంతో ఎక్కడా రాయలేదు. బరువు కట్టిన తాడుతో కొలిచి, అంకె వేసి మళ్లీ పంపు.