సవానా హత్యకేసు పుస్తకంలో అంతా నిజమేనా?

జాన్ బెరెంట్ 1994లో రాసిన 'మిడ్‌నైట్ ఇన్ ద గార్డెన్ ఆఫ్ గుడ్ అండ్ ఈవిల్' నవలా, నిజకథా అన్నది ప్రశ్న. నిజకథే, కానీ కాలక్రమం మాత్రం నమ్మకండి.

కేసు వరకు రికార్డు గట్టిదే. 1981 మే 2న అమెరికాలో జార్జియా రాష్ట్రం సవానాలోని మెర్సర్ హౌస్‌లో పాతవస్తువుల వ్యాపారి జిమ్ విలియమ్స్ తన దగ్గర పనిచేసే కుర్రాణ్ణి కాల్చి చంపాడు. ముందు కుర్రాడే కాల్చాడు, తనది ఆత్మరక్షణ అన్నాడు. చనిపోయినవాడి చేతులపై తుపాకిమందు ఆనవాలు లేకపోవడం అతనికి పెద్ద చిక్కైంది. ఒకే హత్యకు నాలుగు విచారణలు: రెండుసార్లు శిక్ష పడి పైకోర్టులో కొట్టుకుపోయింది, మూడోసారి జ్యూరీ ఒక మాటకు రాలేదు, విచారణ అదే రాష్ట్రంలోని అగస్టా నగరానికి మార్చాక 1989లో నిర్దోషి అన్నారు. మరుసటి జనవరిలోనే పోయాడు.

చిక్కంతా కథ చెప్పే బెరెంట్‌తోనే. కాల్పులకు ముందే విలియమ్స్ ఇంట్లో కూర్చుని మాట్లాడినట్టు రాశాడు. నిజానికి పరిచయం ఆ తర్వాతే. కొందరి పేర్లూ మార్చాడు. ఈ స్వేచ్ఛను పుస్తకం చివరి గమనికలో తనే ఒప్పుకున్నాడు, ముందు అది చదవండి. పుస్తకంలో కనిపించే డ్రాగ్ కళాకారిణి (స్త్రీ వేషంలో రంగస్థల ప్రదర్శనలిచ్చే వ్యక్తి) లేడీ షబ్లీ మాత్రం కల్పన కాదు, ఈ పుస్తకం ఆధారంగా తీసిన సినిమాలో తన పాత్ర తనే వేసింది. హత్య సగం పుస్తకానికి గాని రాదు. అప్పటిదాకా ఊరి వింతమనుషులే, నా లెక్కన అసలు రుచీ అక్కడే.