సముద్రంలో ఆక్సిజన్ పెరగడం వల్లే తొలి జంతువులు పుట్టాయా?

"పెరగడం వల్లే" అంటే నేను ఒప్పుకోను. ఆక్సిజన్ సరిపడా లేని నీళ్లలో పెద్ద జంతువులు బతకవు, అంతవరకు నిజం. కానీ ఆక్సిజన్ వచ్చింది, వెంటనే జంతువులు పుట్టాయి అని పోటీ పరీక్షల గైడ్లలో ఒక్క లైన్లో తేల్చేస్తుంటే, యూట్యూబ్ వీడియోల్లో అదే పాట పాడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉందనేది సగం ప్రశ్నే. అది తెల్లారేదాకా నిలుస్తుందా, నిలవకపోతే ముందు ఎవరు పోతారు, ఎవరు మిగులుతారు అన్నది మిగతా సగం. ఈ సంగతి నాకు చెరువు దగ్గరే అర్థమైంది.

మాది నల్గొండ జిల్లా, దేవరకొండ వైపు. మా నాయన మత్స్యకారుల సంఘంలో ఉండేవాడు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఏడాది చెరువు నిండా నీళ్లు, చేప కూడా బాగా పెరిగింది. పట్టుబడికి ఇంకా టైముంది. ఇంతలో ముసురు పట్టింది. ఎండ మొహం కనపడలేదు. నీళ్లు అంతకుముందే చిక్కటి ఆకుపచ్చ రంగులోకి తిరిగి ఉన్నాయి. ఒకరోజు ఇంకా చీకటుండగానే మా చిన్నాయన వచ్చి తలుపు కొట్టాడు. "అన్నా, చేపలన్నీ మీదికొచ్చినయ్, నోర్లు తెరుస్తున్నయ్, జల్ది రా" అన్నాడు.

కట్ట మీదికి చేరేసరికి బ్యాటరీ లైటు వెలుగులో కనిపించింది ఇప్పటికీ మర్చిపోలేను. నీళ్ల మీద ఎటు చూసినా మూతులే. పెద్ద పెద్ద బొచ్చెలు నోళ్లు పైకి పెట్టి, మూస్తూ తెరుస్తూ, చప్ చప్ మని ఒకటే చప్పుడు. మనిషి దగ్గరికి పోయినా కదలడం లేదు, చేత్తో పట్టుకుంటే దొరుకుతున్నాయి. బొచ్చెలు ముందు తేలిపోయాయి, ఆ తర్వాత రవ్వలు. నాయన డీజిల్ ఇంజను తెప్పించి, చెరువు నీళ్లే తోడి మళ్లీ చెరువులోకే ఎత్తు నుంచి చిమ్మించాడు. ఆ ధార పడేచోట చేపలు గుమిగూడి కొన్ని బతికాయి. మిగతావి పొద్దెక్కేసరికి తూము పక్కన తెల్లటి పొట్టలతో ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఒక్క కొర్రమీనుకు మాత్రం ఏం కాలేదు. అది పైకి వచ్చి నేరుగా గాలి మింగి పోతుంది, నీళ్లలో ఆక్సిజన్‌తో దానికి అంత పని లేదు.

ఊళ్లో ఎవరో మందు కలిపారని గొడవ మొదలైంది. పక్క పొలం రైతు మీదికి పోయారు కూడా. నాయన అడ్డం పడి, "మందు కాదు, ముసురు వడ్డంక పొద్దుగాల్నే ఇట్లయితది. ఎండ పొడిస్తే మిగిలినయి లేస్తయ్" అన్నాడు. అట్లాగే లేచాయి. పగలు నాచు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు చేపలతో పాటు ఆక్సిజన్ పీలుస్తుంది. మబ్బు పట్టి పగటి సంపాదన తగ్గితే తెల్లవారుజాముకు నీళ్లు ఖాళీ. మధ్యాహ్నం కొలిచినవాడికి ఆ చెరువులో బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. చావు జరిగేది తెల్లవారుజామున.

ఆ రోజు తూము దగ్గర బురద చేతిలోకి తీస్తే నల్లగా ఉంది, కుళ్లిన గుడ్ల వాసన కొట్టింది. ఆ బురదలోనే సన్నటి ఎర్ర పురుగులు హాయిగా మెలికలు తిరుగుతున్నాయి. ఒక రకం ఈగ పిల్లలవి. వాటి ఒంట్లో మన రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆ ఎరుపు, అందుకే ఆ బురదలో బతుకు. రెండు కిలోల బొచ్చె చచ్చిపోయిన చోట వెంట్రుకంత పురుగు బతికింది.

ఇప్పుడు సముద్రం సంగతికి వస్తాను. భూమి మీద గాలిలోకి ఆక్సిజన్ మొదట చేరింది సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట. జంతువులని గట్టిగా చెప్పగలిగే పెద్ద శరీరాల అచ్చులు కనిపించేది 60 కోట్ల ఏళ్ల లోపే. అంటే మధ్యలో 180 కోట్ల ఏళ్లు గడిచాయి. ఆక్సిజన్ రావడమే చాలైతే అన్నేళ్లు ఎందుకు పట్టింది? ఆ కాలంలో గాలిలో ఉన్నది ఇప్పటి కంటే చాలా తక్కువ, సముద్రం పై పొరల్లో కాస్త ఉన్నా లోతు నీళ్లలో లేదు అని చెబుతారు. కొన్నిచోట్ల ఆ నీళ్లలో మా తూము బురదలో వచ్చిన వాసన వాయువే, హైడ్రోజన్ సల్ఫైడే, నిండి ఉండేదని 1998లో డొనాల్డ్ కాన్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. అప్పటి నల్ల బురద గట్టిపడి నల్లటి షేల్ రాయి అయింది. అందులోని ఇనుము, మాలిబ్డినం, యురేనియం లెక్కలు తీసి ఆనాటి నీళ్లలో ఆక్సిజన్ ఉందా లేదా అని అంచనా కడతారు.

కానీ బతకడానికి ఎంత కావాలి? 2014లో డెన్మార్క్‌లో ఒక మామూలు సముద్రపు స్పాంజిని తెచ్చి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గిస్తూ పోయారు. ఇప్పటి స్థాయిలో 0.5 నుంచి 4 శాతం ఉన్నా అది బతికింది. స్పాంజి కూడా జంతువే. కాబట్టి మొదటి జంతువు పుట్టడానికి ఆక్సిజన్ పెద్దగా పెరగనక్కర్లేదు. చిన్న ఒళ్లు, కదలని బతుకు, కొంచెంతో సర్దుకుంటాయి, మా చెరువు బురదలో పురుగు లాగే.

ఖర్చు పెరిగేది ఒళ్లు పెరిగినప్పుడు, కదిలినప్పుడు, ఇంకొకదాన్ని తరిమి పట్టుకుని తినాల్సి వచ్చినప్పుడు. నా దృష్టిలో ఈ ప్రశ్నకు అసలైన జవాబు ఇక్కడుంది. ఎరిక్ స్పెర్లింగ్ అనే శాస్త్రవేత్త, మరికొందరు 2013లో ఇప్పటి సముద్రాల్లో ఆక్సిజన్ తక్కువున్న లోతుల్లోని పురుగుల లెక్కలు చూశారు. ఆక్సిజన్ తగ్గేకొద్దీ వేటాడి తినేవి తగ్గిపోయాయి, బురద తిని బతికేవి మిగిలాయి. శిలాజాల్లోనూ వరస ఇంచుమించు అట్లాగే ఉంటుంది. రష్యా తెల్ల సముద్రం దగ్గర దొరికిన డికిన్‌సోనియా వయసు దాదాపు 55.8 కోట్ల ఏళ్లు. చాపలా పరుచుకున్న శరీరం, నోరు లేదు, కాళ్లు లేవు. దాని అచ్చులో కొలెస్టెరాల్, అంటే జంతువుల ఒంట్లో ఉండే కొవ్వు, ఆనవాళ్లు దొరికాయని 2018లో బయటపెట్టాకే, అది జంతువేనని చాలామంది నమ్మారు. ఆ తర్వాత 53.9 కోట్ల ఏళ్ల కిందట కేంబ్రియన్ కాలం మొదలై, కొంతకాలానికి కళ్లు, కాళ్లు, పెంకులు, కొండీలు ఉన్నవి, అనోమలోకారిస్ లాంటి వేటగాళ్లు కనిపిస్తాయి. వేట మొదలయ్యాక తప్పించుకోవడానికి పెంకు కావాలి, బురదలోకి తవ్వుకుపోవాలి. ఆక్సిజన్ తలుపు తీసిందంటే ఒప్పుకుంటాను, లోపలికి తోసింది మాత్రం వేటే.

ఇంకోటి ఎవరూ చెప్పరు. ఆ రోజుల్లో సముద్రపు ఆక్సిజన్ మెట్లెక్కినట్టు పెరగలేదు, పెరిగి తగ్గి మళ్లీ పెరిగింది. లోతు నీళ్లు పూర్తిగా తేరుకోవడానికి జంతువులు పుట్టాక కూడా కోట్ల ఏళ్లు పట్టింది. పైగా జంతువులు కూడా నీళ్లను మార్చాయి. స్పాంజిలు నీళ్లు వడగట్టాయి, పురుగులు అడుగు బురదను తిరగేసి గాలి ఆడించాయి. కారణం ఏది, ఫలితం ఏది అని గీత గీయడం అంత తేలిక కాదు.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. 1960 తర్వాత యాభై ఏళ్లలో ప్రపంచ సముద్రాల్లో ఆక్సిజన్ 2 శాతానికి పైగా తగ్గింది. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. మన అరేబియా సముద్రంలో సుమారు 100 మీటర్ల కింది నుంచి వెయ్యి మీటర్ల దాకా ఇప్పటికే ఊపిరాడని పొర ఉంది. ఇక ఊళ్లలో అయితే డ్రైనేజీ నీళ్లు, కోళ్ల ఫారాల చెత్త చెరువులోకే. యూరియా కూడా వానకు కొట్టుకొచ్చి అక్కడికే. ఆ ఎరువుకు నాచు పెరుగుతుంది, చేప చస్తుంది, సంఘం వాళ్లు అప్పుల్లో పడతారు. నష్టపరిహారం అడిగితే "సహజ మరణం" అని రాసి పంపించారు. ఇందులో సహజం ఏముంది?

కామెంట్లలో ఎవరో నల్గొండ, పాలమూరు వైపు ఈ తొలి జంతువుల శిలాజాలు దొరుకుతాయా అని అడిగారు. మన గుట్టలు ఎక్కువగా గ్రానైట్, కరిగిన రాయి గట్టిపడి అయినవి, వాటిలో వెతికి లాభం లేదు. తాండూరు బండల మధ్య చెట్టు కొమ్మల్లా నల్లటి గీతలు కనిపిస్తే మొక్క అచ్చు అనుకుని ఫోటోలు పెడుతుంటారు. అది పగుళ్లలోకి ఇంకిన నీళ్లు వదిలిన మాంగనీసు మరక. ఆ బండలున్న భీమా బేసిన్‌లోనే, అంటే పూర్వం బురద పేరుకుని రాయైన పల్లపు ప్రాంతంలోనే, కర్ణాటక వైపు షేల్ రాళ్లలో చువారియా అనే చిన్న గుండ్రటి నల్లటి అచ్చులు దొరికాయి. అవి జంతువులు కావు, అంతకంటే సాదా జీవులు. తొందరపడి ఏదో దొరికిందని ప్రకటించొద్దు. మధ్యప్రదేశ్ భీమ్‌బేట్కా గుహలో డికిన్‌సోనియా దొరికిందని 2021లో పెద్దగా వార్తలొచ్చాయి. తర్వాత వేరే బృందం దగ్గరికి పోయి చూస్తే అది రాతికి అంటుకుని పాడైపోయిన తేనెపట్టు.