సిరికి, ఆల్బమ్ తెరిచే ముందు

చిట్టితల్లీ సిరీ,

నీకు లండన్‌లో ఉద్యోగం వచ్చిందని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విక్టోరియా రాణి కాలంనాటి ఓ ప్రభువుల కుటుంబం ఆల్బమ్‌లకు వివరాలు రాయాలట. సంతోషం ఒకవైపు, టెన్షన్ ఒకవైపు, నాకు నిద్రే పట్టలేదు. ఇన్నేళ్లు మ్యూజియం ఫోటోల విభాగంలో పనిచేసినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

గ్లోవ్స్ వేసుకో. ఫోటో వెనక పెన్నుతో రాయకు. గాజు నెగెటివ్‌లను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలబెట్టు. ఇవన్నీ అక్కడివాళ్లూ చెబుతారు.

నా భయమంతా రంగుల గురించి. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఓ దొర కుటుంబం ఫోటోలు ప్రదర్శనకు పెట్టారు. ఒకావిడ నల్లటి గౌనులో కూర్చుని ఉంది. మా పై అధికారి చూసీ చూడగానే "భర్త పోయాక తీయించుకున్న ఫోటో" అని రాసేశాడు. అచ్చయింది, గోడకెక్కింది. కొన్నాళ్లకు ఆ వంశానికి చెందిన ముసలావిడ ఒకరు ఇంగ్లండ్ నుంచి వచ్చారు. ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడి, "మా అమ్మమ్మ భర్త అప్పటికి బతికే ఉన్నారు. ఆ గౌను ఎరుపు. దాని ముక్క మా ఇంట్లో ఇంకా ఉంది" అన్నారు. కేకలు వేయలేదు, కళ్లు తుడుచుకున్నారు. భర్త ఉన్న మనిషిని ఊరందరి ముందు విధవను చేసి నిలబెట్టాం కదమ్మా! చీటీ ఆ పూటే తీసేశారు గానీ, అప్పటికే ఎంతమంది చదివి ఉంటారో.

ఎందుకలా జరిగిందో విను. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కలోడియన్ పద్ధతిలో, గాజు పలకకు పూసిన మందు ఆరకముందే ఫోటో తీసి డెవలప్ చేయాలి. ఆ మందు నీలం కాంతిని బాగా పట్టుకుంటుంది, ఎరుపును దాదాపు పట్టుకోదు. అందుకే ఎర్ర పట్టు నల్లగా పడుతుంది. గార్టర్ అనే పెద్ద రాజగౌరవ బిరుదున్న ప్రభువు భుజం మీది నీలం పట్టీ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. నీలికళ్లు పాలిపోతాయి. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి చివరిదాకా నల్లబట్టలే కట్టింది. అలాగని నల్లగా కనపడిన ప్రతి ఆడమనిషీ దుఃఖంలో ఉందనుకోకు. నలుపు కన్నా బట్ట మెరుపు చూడు. సంతాపానికి వాడే క్రేప్ మెరవదు, పట్టు మెరుస్తుంది. అప్పటికీ తేలకపోతే "ముదురు రంగు గౌను" అని రాసి ఆగిపో. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పాతకాలపు రాణుల వేషాలు కనిపిస్తే 1897 జూలై 2 గుర్తుంచుకో. ఆ రాత్రి లండన్‌లోని డెవన్‌షైర్ హౌస్ అనే ప్రభువుల భవనంలో జరిగిన వేషాల విందులో లాఫయెట్ స్టూడియోవాళ్లు తోటలో గుడారం వేసి అతిథుల ఫోటోలు తీశారు.

పేరు తెలియని ముఖం ఎదురైతే కార్డు వెనక స్టూడియో అడ్రసు చూడు. కామీల్ సిల్వీ అనే ఫోటోగ్రాఫర్ 1859 నుంచి 1868 దాకా లండన్‌లో పోర్చెస్టర్ టెర్రస్ అనే వీధిలో స్టూడియో నడిపాడు. తీయించుకున్నవాళ్ల ఫోటోలు నంబర్లతో చిట్టాల్లో అతికించి పెట్టాడు మహానుభావుడు. అవి నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్నాయి. దణ్ణం పెట్టుకుని వాడుకో.

ఇంకొకటి, కోప్పడుతున్నాననుకోకు. స్కాన్ బాగా రావాలని ఆల్బమ్‌లోంచి ఒక్క ఫోటో కూడా ఊడదీయకు, ఎవరు తొందరపెట్టినా సరే. లేడీ క్లెమెంటినా హావర్డెన్ సౌత్ కెన్సింగ్టన్ ఇంట్లో కిటికీల దగ్గర తన కూతుళ్లనే నిలబెట్టి ఎంత చక్కటి ఫోటోలు తీసిందో! 1865లోనే పోయింది పాపం. 1939లో మనవరాలు వాటిని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి ఇచ్చింది. ఆల్బమ్‌ల నుంచి చింపి తీసినవి కావడంతో చాలావాటికి మూలలు లేవు. ఏ కూతురి పక్కన ఏ కూతుర్ని అతికించిందో ఇక తెలుసుకునే దారి లేదు. వీలు చేసుకుని వెళ్లి ఆ మూలలు చూడు.

చలికి బయట తిరగకు. లంచ్ మానేసి పని చేసే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, అది మానుకో. మొదట రాసిన పది వివరాలూ, ఫోటోల ముందూ వెనకా స్కాన్‌లూ నాకు పంపు. అవి బయటికి ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకోకపోతే వీడియో కాల్‌లో చదివి వినిపించు. మీకు మధ్యాహ్నమయ్యేసరికి నాకిక్కడ పనులన్నీ అయిపోతాయి.

నీ పెద్దమ్మ