తక్కువ లోతులో స్కూబా డైవింగ్ చేస్తే డబ్బు దండగేనా?

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో (ఇప్పటి అధికారిక పేరు స్వరాజ్ ద్వీప్) మొదటిసారి దిగేవారిని లోతుకు తీసుకువెళ్లరని విన్నారు కాబట్టి, ఐదారు మీటర్ల నీటిలో చూడడానికి ఏముంటుందని మీరు అడిగారు. చూడవలసినదంతా అక్కడే ఉంటుందన్నది నా సమాధానం. ముప్పై మీటర్ల లోతుకు వెళ్లివచ్చేవారిలో సగం మంది ఆ అంకె నలుగురికీ చెప్పుకోవడానికే వెళతారని నా గట్టి నమ్మకం.

పగడపు జీవుల ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచుకు ఎండ కావాలి కనుక పగడాలు వెలుతురు బాగా అందే చోట గుబురుగా పెరుగుతాయి, వాటిని నమ్ముకున్న చేపలూ అక్కడే చేరతాయి. నీటిలో ముందుగా మాయమయ్యేది ఎరుపు రంగు కాబట్టి, లోతుకు పోయినకొద్దీ అన్నీ నీలంగా, బూడిదగా కనిపిస్తాయి. పైగా ఒత్తిడి తేడా వల్ల, ఇరవై మీటర్ల దగ్గర త్వరగా అయిపోయే గాలి సిలిండర్ ఐదు మీటర్ల దగ్గర దాదాపు రెట్టింపు సేపు వస్తుంది. మా విశాఖ ఋషికొండలోనూ డైవింగ్ ఉంది కానీ, నీరు కలకబారిన రోజున చాచిన చెయ్యి కూడా కనిపించదు. అండమాన్‌కు వెళ్లడం ఆ తేటనీటి కోసమే.

నేను దిగినది హావ్‌లాక్‌లోని నీమో రీఫ్ దగ్గర. అక్కడ పడవ అవసరం లేదు, ఒడ్డు నుంచి నడిచే నీటిలోకి దిగుతారు. ఒకచోట ఇన్‌స్ట్రక్టర్ నన్ను ఆపి, సీ అనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) మొదట్లో ఉన్న రాతిని వేలితో చూపించారు. రాతి మీద నారింజ రంగు గుడ్లు చాపలా పరుచుకుని ఉన్నాయి. ఆ అనిమోన్‌లోనే కాపురముండే క్లౌన్ ఫిష్ అనే చిన్న చేపల్లో మగది ఒకటి వాటి మీద రెక్కలతో ఆగకుండా విసురుతూ, మధ్యమధ్య నోటితో ఒక్కొక్క గుడ్డునూ శుభ్రం చేస్తూ ఉంది. దానికంటే పెద్దదైన ఆడచేప మాత్రం నేరుగా నా మాస్కు అద్దం మీదికి దూసుకువచ్చి, వెనక్కి తగ్గి, మళ్లీ వచ్చింది. ఆ ఆడచేప చనిపోతే ఈ మగదే ఆడదిగా మారి ఇంటి పెత్తనం తీసుకుంటుందని ఒడ్డుకు వచ్చాక ఆయన వివరించారు. ఇదంతా జరుగుతున్నంతసేపూ పక్కనుంచి కరకరమని చప్పుడు వినిపిస్తూనే ఉంది. చిలుక ముక్కు లాంటి నోరుండే ప్యారట్ ఫిష్‌లు రాతిని గీకి తింటున్నాయి. అవి అలా తిని విసర్జించేదే చాలాచోట్ల తీరంలోని తెల్లటి ఇసుకలో కొంత భాగం.

ఇంతలో మరో బృందం వచ్చింది. వారిని తీసుకువచ్చిన మనిషి వీడియో కోసం ఆ అనిమోన్‌ను చేత్తో కెలికి చేపలను బయటికి రప్పించాడు, కెమెరా ముందున్నాయన బొటనవేలు ఎత్తి చూపుతూ పగడం మీద నిలబడ్డాడు. డైవింగ్‌లో బొటనవేలు పైకెత్తితే పైకి వెళ్దామని అర్థం, బాగుందని కాదు. పగడాలకు 2001 నుంచే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, అయినా అడిగేవారు లేరు. ప్యాకేజీలో వీడియో ఉచితమని చెప్పే చోటికి వెళ్లవద్దని నేను అందరికీ చెబుతున్నాను.

ఈత రాకపోయినా మొదటిసారి దిగేవారిని ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే తీసుకువెళతారు. అయితే లోతు తక్కువ కదా అని అలుసు చేయకండి. ఒత్తిడి తేడా మొదటి కొన్ని మీటర్లలోనే ఎక్కువగా తెలుస్తుంది కాబట్టి, నొప్పి పుట్టకముందే ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి ఊదుతుండాలి. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులకు ప్రమాదం, అది రెండు మీటర్ల లోతులోనైనా సరే. ఒక్కసారి దిగినా కనీసం 12 గంటలు విమానం ఎక్కకూడదు, కొందరు ట్రావెల్ ఏజెంట్లు మాత్రం డైవింగ్‌ను ఆఖరి రోజు ఉదయానికీ, విమానాన్ని అదే మధ్యాహ్నానికీ పెడుతున్నారు. మీ ప్యాకేజీ కూడా అలాగే ఉంటే, డబ్బు కట్టకముందే డైవింగ్‌ను ముందు రోజులకు మార్పించుకోండి.