పోసేముందే తేల్చుకో, అమ్మలూ

అమ్మలూ,

శ్రావణంలో చెల్లి పెళ్లికి వచ్చినవాళ్లకి నీ చేత్తో చేసిన సబ్బులే పంచుతానన్నావట. మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది. కానీ ఇంట్లో పాకే పిల్లాడు, బల్ల మీద కాస్టిక్ సోడా, పైగా బెజవాడ ఎండలు. నాకిక నిద్రేం పడుతుంది?

తూకం, కళ్లద్దాలు, గ్లౌజులు నీకు తెలిసినవే. నీళ్లలోనే కాస్టిక్ వెయ్యాలి, కాస్టిక్ మీద నీళ్లు పొయ్యకూడదు. అల్యూమినియం గిన్నె ముట్టుకోకు.

నా బెంగంతా జెల్ గురించే. అచ్చులో, అదే మోల్డ్‌లో పోశాక సబ్బు తన వేడికి తనే నడుమ మెత్తబడి, వాజెలైన్‌లా నిగనిగలాడుతుంది. అది అంచుల దాకా పాకితే మంచిదే. అంచులు చల్లారిపోతే దారిలోనే ఆగిపోతుంది. కోసి చూస్తే మధ్యలో ముదురు గుండ్రం, చుట్టూ పాలిపోయిన అంచు. ఒంటికి రుద్దుకుంటే ఏ తేడా తెలియదు, ఎన్నాళ్లు ఆరబెట్టినా ఆ గుండ్రం పోదు. ఇంట్లో వాడుకోడానికైతే పట్టించుకోనక్కర్లేదు, పెళ్లిలో పంచేదానికి బాగుంటుందా? ఎండాకాలమేగా, దానంతటదే జెల్ అవుతుందిలే అని మోల్డ్‌ని ఫ్యాన్ కింద వదిలేస్తారు చాలామంది. గది 38 డిగ్రీలున్నా జెల్‌కి దాదాపు దానికి రెట్టింపు వేడి కావాలే తల్లీ! ఆ ఫ్యాన్ గాలికి అంచుల్లో వేడి ఎలా నిలుస్తుంది?

అందుకే పూర్తిగా జెల్ చెయ్యాలా, అసలు కానివ్వకూడదా అన్నది పోసేముందే తేల్చుకో. రంగులు నిండుగా కావాలంటే పూర్తి జెల్ చెయ్యి. కాస్టిక్‌కి రెండున్నర రెట్లు నీళ్లు తీసుకో; నీళ్లు ఎక్కువైతే తక్కువ వేడికే జెల్ వస్తుంది. నూనెలు, కాస్టిక్ నీళ్లు 40 డిగ్రీల దగ్గర కలుపు. చెక్క మోల్డ్ మీద అట్ట, చుట్టూ తువ్వాలు, ఫ్యాన్ బంద్. పావుగంటకోసారి చూడు. పైన పగులు కనిపించినా, పొంగినా వెంటనే తువ్వాలు తీసెయ్.

పాలు, తేనె, బెల్లం వేస్తే మాత్రం జెల్ జోలికి పోకు. అవి వేడిని ఇంకా ఎగదోస్తాయి. పాలు గోధుమరంగుకి తిరుగుతాయి, సబ్బు అగ్నిపర్వతంలా పైకి తన్నుకొస్తుంది. నీళ్లు కాస్టిక్‌కి రెట్టింపు చాలు. అన్నీ 30 డిగ్రీలకి దించి కలిపి, ఒక్కో సబ్బుకి ఒక్కో చిన్న మోల్డ్‌లో పోసి, రాత్రంతా ఫ్రీజర్‌లో, మర్నాడంతా ఫ్రిజ్‌లో ఉంచు. అరగంట పెట్టి తీసేశావా, నడుమ మళ్లీ కాగుతుంది. మీ వీధిలో కరెంటు పోతూ ఉంటే ఈ రకమే వద్దు.

జెల్ కాని సబ్బు మెత్తగా ఉంటుంది, మూడు రోజులాగి మోల్డ్ తియ్యి. ఏదైనా సరే ఆరడానికి ఆరు వారాలు. జెల్ అయిందని తొందరపడి పంచెయ్యకు.

బుజ్జిగాణ్ని మీ అమ్మ దగ్గర దింపాకే కాస్టిక్ డబ్బా మూత తియ్యి. చేతిమీద పడితే వెనిగర్ కోసం వెతుక్కోకు, పంపు కింద పావుగంట కడుగు. మొదట కిలో నూనెతోనే చేసి, కోసిన ముక్క ఫొటో పంపించు. గుండ్రం పడినా సరే, దాచకు.

మీ పెద్దమ్మ