నెల్లూరు పనిని రెజ్యూమె నుంచి తీసేయకండి

సందేహం: అక్కా, మాది కావలి దగ్గర పల్లెటూరు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక చిన్న ఆఫీసులో రెండేళ్లు వెబ్ డెవలపర్‌గా పనిచేశాను. వెనామి రొయ్యల రైతులకు ఏ రోజు ధరలు ఆ రోజు చూపించే సైటు ఎక్కువగా నా చేతి మీదే తయారైంది. తర్వాత డాలస్ వచ్చి ఎం.ఎస్. పూర్తి చేశాను. చదువు తర్వాత ఇక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ మొదలైంది. ఉద్యోగం చూపిస్తామన్న కన్సల్టెన్సీ వాళ్లు ఏడేళ్ల అనుభవం ఉన్నట్టు రెజ్యూమె రాసి ఇచ్చారు. నెల్లూరు పనిని ఇక్కడ ఎవరూ లెక్కచేయరు, తీసేయమన్నారు. రోజులు గడిచిపోతున్నాయి. ఏం చేయమంటారు?

తమ్ముడూ, ఆ రెజ్యూమె ఎవరికీ పంపకండి. ఇప్పటికే ఎక్కడికైనా వెళ్లి ఉంటే వెనక్కి తీసుకోమని ఈరోజే రాతపూర్వకంగా చెప్పండి.

మీ భయం నాకు అర్థమవుతుంది. ఓపీటీలో ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం 90 రోజులు. సైన్సు, టెక్నాలజీ చదువులవారికి ఇచ్చే స్టెమ్ పొడిగింపు దొరికితే అన్నీ కలిపి 150. చేతిలో చదువు అప్పు, ఊళ్లో అమ్మానాన్నలు, ఎదురుగా క్యాలెండర్. ఈ భయమే ఆ వ్యాపారానికి పెట్టుబడి. అయితే వాళ్లు మీకు చెప్పనిది ఒకటుంది. ఏడేళ్ల అనుభవం అని రాసిన కాగితం ఒక్క కంపెనీతో ఆగదు. అదే వివరం రేపు హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా దరఖాస్తులోకి, ఆ తర్వాత గ్రీన్‌కార్డు కాగితాల్లోకి ఎక్కుతుంది. వీసా ప్రయోజనం కోసం తెలిసి తెలిసి అబద్ధం చెప్పారని తేలితే అమెరికాలో అడుగు పెట్టకుండా జీవితాంతం నిషేధం పడవచ్చు. అప్పుడు కన్సల్టెన్సీ ఫోను ఎత్తదు. సంతకం మీది, పేరు మీది.

రోజుల లెక్కను ఆపే సక్రమమైన దారి ఒకటి చాలామందికి తెలియదు. మొదటి ఏడాది ఓపీటీలో మీ చదువుకు సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు చేస్తే, కార్మిక చట్టాలకు విరుద్ధం కానంతవరకు, జీతం లేని పని కూడా ఉద్యోగంగానే లెక్కకు వస్తుంది. లాభాపేక్ష లేని సంస్థలకు వెబ్‌సైటు పని ఎప్పుడూ ఉంటుంది. స్టెమ్ పొడిగింపులో మాత్రం ఇది చెల్లదు, అక్కడ జీతం తప్పనిసరి. మొదలుపెట్టే ముందు మీ విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగి, వివరాలు ఓపీటీ విద్యార్థుల ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయండి. ఏ పని చేశారు, ఎన్ని గంటలు చేశారు, ఎవరి పర్యవేక్షణలో చేశారు అన్నదానికి ఉత్తరం దగ్గర ఉంచుకోండి.

ఇక మీరు తీసేయాలనుకుంటున్న ఆ రెండేళ్ల సంగతి. ఒక్కసారి ఆ పనిని నేను చూసినట్టు చూడండి. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంట గట్టు మీద ఒక రైతు నిలబడి ఉన్నాడు. చేతిలో చవక ఫోను, తెర మీద ఎర్రటి ఎండ, సిగ్నల్ ఒక గీత ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కొనేవాడు ఎదురుగా ఉన్నాడు. రైతుకు ఆ క్షణంలో కావలసింది 100 కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ధర ఎంత, 50 కౌంటు ధర ఎంత అన్న రెండు అంకెలు. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు తెర మీదికి రావాలని గూగుల్ పెట్టిన కొలత ఉంది. నగరంలో మంచి నెట్టు మీద దాన్ని సాధించడం పెద్ద విశేషం కాదు. ఆ గట్టు మీద సాధించడానికి మీరేం చేశారు? ఏ బొమ్మలు తీసేశారు, ఏ ఫాంటు వదులుకున్నారు, సిగ్నల్ పోయినప్పుడు నిన్నటి ధరను ఫోనులోనే దాచి చూపించారా, అది నిన్నటిదని రైతుకు తెలిసేలా తేదీ పెట్టారా? వీటికి మీ దగ్గర జవాబులున్నాయి. లేని ఏడేళ్లకు ఒక్క జవాబూ ఉండదు.

నేను ఉద్యోగానికి వచ్చేవారిని ఇంటర్వ్యూ చేసే వైపు కూర్చుంటాను కాబట్టి చెబుతున్నాను, అబద్ధపు అనుభవం రెండో ప్రశ్న దగ్గరే బయటపడుతుంది. "ఆ సైటులో మీరు ఒప్పుకోని నిర్ణయం ఏమిటి?" అని అడుగుతాను. నిజంగా చేసినవారి కళ్లలో వెలుగు వస్తుంది, ఆపినా ఆగరు. చేయనివారు కంఠస్థం చేసిన పదాలు వల్లిస్తారు.

పని చూపించమన్నప్పుడు నేను మొట్టమొదట చేసేది మౌసు పక్కన పెట్టి ట్యాబ్ మీట నొక్కడం. అభ్యర్థి తయారుచేసిన మెనూ ఆ నొక్కుకు అందాలి, ఎంటర్ నొక్కితే తెరుచుకోవాలి, ఇప్పుడు ఎక్కడ ఉన్నామో గీత కనిపించాలి, ఎస్కేప్ నొక్కితే మూసుకోవాలి. చాలామంది బటన్ ట్యాగు ఉండగా డివ్ అనే ఉత్త పెట్టెకు రంగు వేసి బటన్‌లా చూపిస్తారు. అసలు బటన్ అయితే ట్యాబ్‌తో అందుతుంది, ఎంటర్‌కూ స్పేస్‌కూ పలుకుతుంది, చూపు లేనివారి స్క్రీన్ రీడర్‌కు తానెవరో చెబుతుంది. ఇవన్నీ బ్రౌజరు ఉచితంగా ఇస్తుంది. డివ్‌తో అన్నీ మన చేత్తో కట్టుకోవాలి, ఏదో ఒకటి మరచిపోతాం. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ లైబ్రరీ లోతుగా వచ్చినవారు కూడా ఇక్కడ తడబడటం చూశాను. ఈ వారమంతా ఇదే సాధన చేయండి.

రెజ్యూమెలో ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్లి వివరాలు అక్కర్లేదు. నెల్లూరు సైటుకు మాత్రం నాలుగు పంక్తులు కేటాయించండి. పాత యజమానితో ముందే మాట్లాడి ఉంచండి, ఇక్కడివారు ఫోను చేస్తారు.

సందేహం: అక్కా, మాది ఒంగోలు. సియాటిల్‌లో హెచ్-1బీ మీద ఫ్రంటెండ్ (వాడేవారికి తెర మీద కనిపించే భాగం) పని. స్థానిక మీటప్‌లో మాట్లాడమని మా మేనేజరు అంటున్నారు, వచ్చే ఏడాది టొరంటో సదస్సుకూ ప్రతిపాదన పంపమంటున్నారు. అందరూ నాకన్నా తెలిసినవాళ్లే, నేనేం చెప్పగలను? నా యాస కూడా భయమే. వాళ్లు డబ్బు ఇస్తే తీసుకోవచ్చా?

అమ్మా, ఆ గదిలో ఎంతమంది తెలుగు చదవగలరో ఆలోచించండి. మీ దగ్గరున్న సరుకు వాళ్ల దగ్గర లేదు.

ఒక చిన్న ఉదాహరణ. వినియోగదారు పేరులోని మొదటి అక్షరాన్ని గుండ్రటి గడిలో చూపించే పని ప్రతి సైటులోనూ ఉంటుంది. "శ్రీనివాస్" అని తెలుగులో రాస్తే ఆ గడిలో "శ" ఒక్కటే మిగులుతుంది. మన కంటికి శ్రీ ఒకే అక్షరం. జావాస్క్రిప్టుకు అది నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. పొడవు ఎంతని అడిగితే 4 అంటుంది. దీన్ని సరిచేయడానికి, రాతను అక్షరాలుగా విడగొట్టే ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) బ్రౌజర్లలో ఉంది. 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్‌లోకి కూడా రావడంతో ప్రధాన బ్రౌజర్లన్నిటికీ అందింది. అక్కడితో కథ అయిపోలేదు. కంప్యూటర్లలో అన్ని లిపులకూ ప్రమాణమైన యూనికోడ్ పాత నియమం శ్రీని "శ్", "రీ" అని రెండుగా విరిచేది. 2023లో వచ్చిన 15.1 సంచికలో తెలుగుతో పాటు మరికొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విరవకూడదన్న నియమం చేరింది. అంటే పాత బ్రౌజరులో ఒక జవాబు, కొత్తదానిలో మరో జవాబు. తెర మీద రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి, గది మొత్తం ముందుకు వంగి వింటుంది. దీనికి తోడు, వరుసల మధ్య దూరం తగ్గించినప్పుడు వత్తులు కింద తెగిపోవడం కూడా చూపించవచ్చు. 2018లో ఒక తెలుగు అక్షరాల కూర్పు ఐఫోన్లను కూల్చేసిన సంగతి చెబితే నవ్వుతారు కూడా. ఆపిల్ దాన్ని ఐఓఎస్ 11.2.6 తో సరిచేసింది.

మీటప్‌తోనే మొదలుపెట్టండి. అక్కడ నిర్వాహకులు ప్రతి నెలా మాట్లాడేవారి కోసం వెతుకుతూ ఉంటారు, అయిదు నిమిషాల మాటకు కూడా చోటిస్తారు. సదస్సు ప్రతిపాదనలో మీ గొప్ప రాయకండి. విన్నవారు మర్నాడు ఆఫీసులో ఏం చేయగలుగుతారో రాయండి. కొన్ని సదస్సుల్లో మొదటి వడపోత పేర్లు దాచి చేస్తారు, కాబట్టి సారాంశంలో మీ పేరు, కంపెనీ పేరు రాకుండా చూసుకోండి. యాస మారనక్కర్లేదు, వేగం తగ్గితే చాలు. ఒంగోలులో ఇంట్లో మాట్లాడే వేగంతో ఇంగ్లీషు మాట్లాడితే మనవాళ్లకే అందదు. ప్రతి స్లయిడు మారినప్పుడు ఒక ఊపిరి తీసుకోండి. కంపెనీ కోడు, అంకెలు ఏవైనా చూపించాలంటే మేనేజరు అనుమతి రాతలో ఉండాలి.

ఇలా ప్రసంగించడం వల్ల ఉద్యోగం వెంటనే రాదు. కానీ మీ మాట విన్న ఒక్కరు ఎక్కడో ఖాళీ వచ్చినప్పుడు మీ పేరు తలుచుకుంటారు. మా బృందంలోకి అలా వచ్చినవారున్నారు, రెజ్యూమెల కుప్పలో వాళ్లు మాకు దొరికేవారు కారు.

డబ్బు సంగతి. హెచ్-1బీ మీద మీ కంపెనీ తప్ప మరొకరి దగ్గర పనికి ప్రతిఫలం తీసుకోకూడదు. గౌరవ వేతనం ఇస్తామంటే మర్యాదగా వద్దనండి. టికెట్టు, బస, ప్రవేశ రుసుము వాళ్లు భరించడం వేరే సంగతి, దానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. అయినా ముందే కంపెనీ న్యాయవాదికి ఒక మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

ఇక టొరంటో ప్రయాణం. మీ పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉన్నా, ఇక్కడ ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఐ-94 పత్రం చెల్లుబాటులో ఉంటే, కెనడాలో 30 రోజులు మించకుండా ఉండి తిరిగి రావచ్చు. అక్కడ ఉండగా కొత్త అమెరికా వీసాకు దరఖాస్తు చేస్తే మాత్రం ఈ వెసులుబాటు పోతుంది. మన పాస్‌పోర్టుకు కెనడా వీసా తప్పనిసరి, దానికి వారాలు పడుతుంది. ప్రసంగం ఖాయమైందని మెయిల్ వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి, ఆహ్వాన పత్రం నిర్వాహకులనే అడగండి.